డిగ్రీ తరగతిలో ఇంగ్లీషు: భారం ఎవరిది?

ఈ సంచిక సంపాదకీయానికి మేము ఎంచుకున్న విషయం పతాక శీర్షికలకు ఎక్కేది కాదు. దానిపై అసెంబ్లీలో వాయిదా తీర్మానం రాదు, కలెక్టరేటు ముందు శిబిరం వెలవదు. కొనకనమిట్ల నుంచి పొదిలికో మార్కాపురానికో బస్సెక్కి డిగ్రీ చదవడానికి వెళ్లే మన బిడ్డ, మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజున ఫోనులో చూసుకుని, తప్పిన రెండు సబ్జెక్టుల సంగతి ఇంట్లో చెప్పలేక దాచుకుంటుంది. మేము రాయదలచినది ఆ రెండు సబ్జెక్టుల గురించే. ఆ బిడ్డ తెలివితక్కువది కాదు. ఇంటర్మీడియట్‌లో వెయ్యికి ఎనిమిది వందల పైచిలుకు మార్కులు తెచ్చుకున్నదే. సమాఖ్య వ్యవస్థ గురించి, డిమాండు సూత్రం గురించి తెలుగులో నాలుగు పేజీలు తడుముకోకుండా రాసినదే. ఆర్నెల్ల కిందట అంత బాగా తెలిసిన విషయం ఇప్పుడు తెలియకుండా ఎలా పోయింది?

పశ్చిమ ప్రకాశం గురించి తెలియనివారి కోసం ఒక మాట. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న పలకలు మార్కాపురం గనుల రాతితో తయారైనవి. పలకలు పంపిన ఈ నేలలోనే నీటి కరువు, ఫ్లోరైడు, వలస తరాలుగా తిష్ఠ వేశాయి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో వేసిన శంకుస్థాపన రాయి గురించి తాతలు చెబుతుంటే మనవళ్లు వింటున్నారు. మన కుటుంబాల్లో తండ్రి బేల్దారి పనికో, పండ్ల బండి మీదకో, హైదరాబాదులో మెకానిక్ షెడ్డుకో వెళ్తాడు. అలాంటి ఇంటి నుంచి ఒక ఆడపిల్ల డిగ్రీలో చేరడమంటే ఆ ఇంటిల్లిపాదీ ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారన్నమాట. ఆ నిర్ణయం వెనక ఎన్ని రాత్రుల చర్చ ఉంటుందో మన పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు.

2021-22 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు డిగ్రీ కాలేజీలన్నింటిలో బోధన ఇంగ్లీషు మాధ్యమంలోనే జరగాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అంతకు ముందు సంవత్సరం డిగ్రీలో చేరినవారిలో దాదాపు నాలుగింట ఒక వంతు తెలుగు మాధ్యమం వారే. బి.ఏ.లో ఆ వంతు ఇంకా పెద్దది. ఒక్క వేసవిలో మాధ్యమం మారింది. రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు ఇస్తామన్నారు, బ్రిడ్జి కోర్సు నడుపుతామన్నారు. ఆ మాటలు కొన్నిచోట్ల కొంతమేరకు అమలయ్యాయి. చాలాచోట్ల ఆలస్యంగా జరిగే ప్రవేశాల హడావుడిలో, సిలబసు పూర్తిచేయాలన్న తొందరలో కొట్టుకుపోయాయి.

ఇక్కడ మా వైఖరిని స్పష్టంగా చెప్పడం అవసరం. ఇంగ్లీషు మాధ్యమానికి మేము వ్యతిరేకులం కాము. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం జీవోలు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, రాష్ట్రమంతా పెద్ద వాదం నడిచింది. తమ పిల్లలను కాన్వెంట్లలో చదివించుకుంటూ పేదల పిల్లలకు మాతృభాషా మాధుర్యం బోధించిన పెద్దమనుషులను అప్పుడు చూశాం. వారి ప్రేమ ఎంత నిజమైనదో బీద ముస్లింలకు, దళితులకు, వెనుకబడిన కులాల వారికి బాగా తెలుసు. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి. కాని ఇంగ్లీషు మాధ్యమం పెట్టడం ఒక పని, ఇంగ్లీషులో చదవగలిగేలా చేయడం మరొక పని. మొదటిది ఉత్తర్వుతో అయిపోతుంది. రెండోదానికి అధ్యాపకుడు, సమయం, డబ్బు కావాలి. ప్రభుత్వాలు మొదటి పని చేసి రెండో పనిని పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పెట్టేశాయి. మా అభ్యంతరం దాని మీద.

ఇంగ్లీషు రాకపోవడమంటే మనవాళ్లలో చాలామంది మాట్లాడటం రాకపోవడమని అనుకుంటారు. అందుకే పిల్ల ఫెయిలైందని తెలియగానే మార్కాపురంలో ఏదో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో ఫీజు కడతారు. అక్కడ హోటలుకు వెళ్లి టీ ఎలా అడగాలో, ఇంటర్వ్యూలో తమను ఎలా పరిచయం చేసుకోవాలో నేర్పుతారు. అది పనికిరానిదని అనం. కాని పరీక్షలో ఓడించేది ఆ ఇంగ్లీషు కాదు. రాజనీతి శాస్త్ర పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే 'స్టేట్' అనే మాట ఉంటుంది. మన అమ్మాయికి స్టేట్ అంటే రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ ఒక స్టేట్, తెలంగాణ ఒక స్టేట్. ఆ పుస్తకంలో స్టేట్ అంటే రాజ్యం: జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం ఉన్నది. ఇంటర్‌లో 'రాజ్యం' అనే పాఠం చక్కగా చదివిన పిల్లే ఇది. కాని ఈ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకపోతే, రాష్ట్రాలకు సార్వభౌమాధికారం ఉంటుందని రాసి సున్నా తెచ్చుకుంటుంది. పుస్తకం పేజీని ఫోనుతో ఫొటో తీసి అనువాదం చేసుకున్నా తరచూ 'రాష్ట్రం' అనే వస్తుంది.

ఇలాంటి మాటలు ప్రతి సబ్జెక్టులోనూ ఉన్నాయి. 'ఇంట్రెస్ట్' అంటే బయట ఆసక్తి, కామర్సులో వడ్డీ. 'సొల్యూషన్' లెక్కల్లో సాధన, రసాయన శాస్త్రంలో ద్రావణం. 'పవర్' రాజనీతిలో అధికారం, భౌతిక శాస్త్రంలో సామర్థ్యం, గణితంలో ఘాతం. 'కల్చర్' చరిత్రలో సంస్కృతి, సూక్ష్మజీవ శాస్త్రంలో గాజు పళ్లెంలో పెంచే సూక్ష్మజీవుల సముదాయం. అకౌంట్సు పుస్తకంలో 'డ్రాయింగ్స్' అన్న మాట చూసి బొమ్మలనుకున్నవారు నవ్వులపాలయ్యారు. అది వ్యాపారి సొంతానికి తీసుకున్న సొమ్మని వారికి ముందుగా చెప్పినవారు లేరు. ఈ పత్రికలో పనిచేసే మాలోనే ఒకరు, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు, అర్థశాస్త్రం తరగతిలో 'కాపిటల్' అంటే రాజధాని అనుకుని రెండు వారాలు గడిపారు. ఇప్పుడు చెప్పుకుని నవ్వుతున్నారు గాని అప్పుడు నవ్వు రాలేదట.

మాటల కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ప్రశ్నపత్రంలో 'డిస్కస్' అని ఒకచోట, 'డిస్టింగ్విష్' అని ఒకచోట, 'క్రిటికల్లీ ఎగ్జామిన్' అని ఇంకొకచోట ఉంటుంది. మొదటిదానికి వాదాలన్నీ చెప్పాలి, రెండోదానికి తేడా చూపాలి, మూడోదానికి బాగోగులు తూచి తన అభిప్రాయం రాయాలి. మన పిల్ల మూడింటికీ ఒకే జవాబు రాస్తుంది, ఎందుకంటే ఆమె కంఠస్థం చేసినది ఒకటే వ్యాసం. 'హౌఎవర్' అన్న మాట దగ్గర రచయిత దారి మళ్లించాడని గమనించకపోతే, ఆయన ఖండించిన వాదాన్నే ఆయన సొంత వాదంగా రాస్తారు. 'అన్‌లెస్' అన్నదాన్ని 'ఇఫ్' అని చదివితే చట్టం తలకిందులవుతుంది. ఈ ఇంగ్లీషు ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు, లండన్‌లోనూ మాట్లాడరు. అది పుస్తకాల్లో, వ్యాసాల్లో, పరీక్షల్లో మాత్రమే బతికే భాష. దాన్ని నేర్పవలసిన చోటు విశ్వవిద్యాలయమే. అక్కడ నేర్పకపోతే మరెక్కడా నేర్చుకోలేరు.

మరి కాలేజీలో ఇంగ్లీషు సబ్జెక్టు ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. 2020-21లో సవరించిన పాఠ్య ప్రణాళికలో మొదటి సెమిస్టరుకు కమ్యూనికేషన్, సాఫ్ట్ స్కిల్స్ అన్నారు. రెండోదానికి చదవడం, రాయడం అన్నారు. మూడోదానికి సంభాషణ అన్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ పుస్తకంలోని వ్యాసానికీ, పక్క గదిలో చెప్పే అర్థశాస్త్రానికీ పొత్తు లేదు. ఇంగ్లీషు అధ్యాపకునికి అర్థశాస్త్రం ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో తెలియదు, అర్థశాస్త్ర అధ్యాపకుడు భాష నేర్పడం తన పని అనుకోడు. అక్కడక్కడా ఉన్న లాంగ్వేజి ల్యాబులు, జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తాయి. మూడో సంవత్సరంలో ఉద్యోగం ఇప్పించడానికి ఏర్పాటు ఉంది, మొదటి సంవత్సరంలో పాసు చేయించడానికి లేదు.

అధ్యాపకులను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం మా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది స్వయంగా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు, ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే అతిథి అధ్యాపకులు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి తెలుగులో పది వాక్యాలు వివరించి, చివరికి ఇంగ్లీషులో నోట్సు చెప్పి రాయిస్తారు. తరగతి తెలుగులో, నోట్సు ఇంగ్లీషులో, పరీక్ష ఇంగ్లీషులో. తెలుగులో అర్థమైన విషయానికీ ఇంగ్లీషులో రాసుకున్న నోట్సుకూ మధ్య వంతెన వేసే పని మాత్రం ఎవరి టైంటేబుల్‌లోనూ లేదు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు సంగతి చూడండి. డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం తరువాత 180 గంటలు ఒక ఊళ్లో సర్వే చేసి, అక్కడి సమస్యను అధ్యయనం చేసి నివేదిక సమర్పించాలి. ఇది మాకు ఎంతో నచ్చిన ఆలోచన. కొనకనమిట్ల మండలం పిల్లకు ఇంతకంటే బాగా వచ్చిన పని ఇంకేముంటుంది? ఏ వీధిలో బోరు నీళ్లు తాగరాదో, ఏ ఇంట్లో ఎవరి పళ్లు గారపట్టాయో, ఏ అవ్వ మోకాళ్లు వంగవో ఆమెకు తెలుసు. హిందూ ఇళ్లలో తెలుగులో అడుగుతుంది, మన ఇళ్లలో ఉర్దూలో అడుగుతుంది, దూదేకుల వారి ఇళ్లలో మళ్లీ తెలుగులో అడుగుతుంది. పట్నంలో పెద్ద చదువు చదివిన పరిశోధకుడు ఆరు నెలలు తిరిగినా రానంత సమాచారం పది రోజుల్లో నోటుబుక్కులో చేరుతుంది. అక్కడితో ఆమె బలం అయిపోతుంది. నివేదిక ఇంగ్లీషులో రాయాలి. పరిచయం ఎలా మొదలుపెట్టాలి, పట్టికలో ఉన్న అంకెల గురించి ఒక పేరా ఎలా రాయాలి, తాను చూసినదానికీ తన అభిప్రాయానికీ తేడా ఎలా చూపాలి, ఇవేవీ ఎవరూ నేర్పలేదు. కాలేజీ పక్కన జిరాక్సు దుకాణంలో తయారు నివేదిక దొరుకుతుంది. పేరు, ఊరు మార్చి, స్పైరల్ బైండింగు చేసి ఇస్తారు. ఎక్కడో మరో జిల్లాలో మరో ఊరి గురించి రాసినది కొనకనమిట్ల నివేదికగా అల్మరాలో చేరుతుంది. ఆమె నోటుబుక్కు ఇంట్లో పాత పేపర్లలో పడిపోతుంది. ఆ నోటుబుక్కులోనే అసలు చదువు ఉంది. పిల్ల మోసం చేసిందని అనడం తేలిక. మోసం తప్ప మరో దారి చూపని ఏర్పాటును ఏమనాలి?

ఇందులో మన సముదాయానికి ప్రత్యేకంగా ఏముంది, ఇది గ్రామీణ విద్యార్థులందరి సమస్య కదా అని కొందరు మిత్రులు అడిగారు. నిజమే, తెలుగు మాధ్యమంలో చదివిన రెడ్డి రైతు బిడ్డకూ, మాదిగ పల్లె బిడ్డకూ ఇదే కష్టం. వారందరి కోసమూ మేము మాట్లాడుతున్నాం. అయితే మన ఇళ్లలో ఈ కష్టానికి ఇంకో పొర ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి వచ్చినవారికి తెలుగు వివరణ కూడా సగమే అందుతుంది. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా గుర్తిస్తూ చట్టం చేశారు. కార్యాలయాల బోర్డుల మీద ఆ చట్టం కనిపిస్తే సంతోషమే. డిగ్రీ తరగతి గదిలో మాత్రం అది ఇంకా అడుగు పెట్టలేదు.

అంతకంటే పెద్దది రెండో విషయం. మగపిల్లవాడు ఫెయిలైతే సప్లిమెంటరీ రాస్తాడు, లేకుంటే పనిలో చేరి తరువాత కడతాడు. ఆడపిల్ల మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పితే ఇంట్లో ఆగిపోయి ఉన్న మాట మళ్లీ లేస్తుంది. 'చదువు అబ్బడం లేదు, మంచి సంబంధం వచ్చింది' అంటారు. మామయ్య అంటాడు, నానీ అంటుంది, చివరికి చదివించాలని పట్టుబట్టిన తల్లి కూడా మౌనం వహిస్తుంది. 'స్టేట్' అనే మాటకు అర్థం చెప్పేవారు లేకపోవడం ఒక పెళ్లి ముహూర్తాన్ని నిర్ణయిస్తుందంటే నమ్మశక్యంగా ఉండదు. మేము నమ్ముతున్నాం, ఎందుకంటే చూశాం.

2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదికను మన కార్యకర్తలు సభల్లో ఎన్నోసార్లు ఉదహరించారు. దేశంలోని అగ్రశ్రేణి కాలేజీల్లో డిగ్రీ చదివేవారిలో పాతికమందికి ఒకరు, పీజీ చదివేవారిలో యాభైమందికి ఒకరు ముస్లింలని ఆ నివేదిక చెప్పింది. పైకి వెళ్తున్న కొద్దీ మన సంఖ్య సగమవుతోంది. ఆ తరువాతి ఏడాదే మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేస్తే, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ 4 శాతం కోసం మనం వీధుల్లో నిలబడ్డాం, కోర్టు మెట్లెక్కాం. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సులో టికెట్టు అక్కర్లేకుండా పోయింది. సీటు ఉంది, ఫీజు ఉంది, బస్సు ఉంది. ఆ బస్సు దిగి గదిలో కూర్చున్నాక ఏం జరుగుతోందో మాత్రం మన ఉద్యమం పట్టించుకోలేదు. ఈ విమర్శ ముందుగా మాకే వర్తిస్తుంది. ఇన్నేళ్ల మా సంపాదకీయాల్లో రిజర్వేషను గురించి ఎన్ని పేజీలు రాశామో, తరగతి గది గురించి దానిలో పదో వంతు కూడా రాయలేదు.

మన పూర్వీకులు ఈ ప్రశ్నను ఇంత తేలిగ్గా తీసుకోలేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1864లో గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించే పని మొదలుపెట్టారు. తరువాత ఆయనే ఇంగ్లీషు చదువు వైపు మొగ్గి 1875లో అలీగఢ్‌లో బడి తెరిచారు. ఆయన మనసు మార్చుకున్నారని విమర్శించేవారున్నారు. మాకు అందులో కనిపించేది వేరు: రెండు దారుల్లోనూ భాష భారాన్ని సంస్థ తలకెత్తుకుంది, విద్యార్థి మీద వదిలేయలేదు. హైదరాబాదులో 1917 ఫర్మానాతో ఏర్పడి 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య చెప్పింది. అంతకు ముందే అనువాద విభాగం నెలకొల్పి, పండితులను కూర్చోబెట్టి, పారిభాషిక పదాలు తయారు చేయించి పుస్తకాలు అచ్చు వేయించింది. ఇంగ్లీషును ప్రతి విద్యార్థికీ తప్పనిసరి సబ్జెక్టుగానూ ఉంచింది. భాష విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఏర్పాట్లు, తరువాత తరగతులు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించినప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివే. 1970లో గాని ఇవి కొత్త జిల్లాలో చేరలేదు. ఆ కాలేజీ మన ప్రాంతపు కాలేజీ కూడా. ఆయన పేరు మీద కర్నూలులో నేడు ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. మదరసాలో చదివినవారు నేరుగా డిగ్రీ తరగతిలో పడి మునిగిపోకుండా హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం బ్రిడ్జి కోర్సులు నడుపుతోంది. మదరసా విద్యార్థికి వంతెన అవసరమని ఒప్పుకున్న వ్యవస్థ, తెలుగు మాధ్యమం విద్యార్థికి అవసరమని ఎందుకు ఒప్పుకోదు?

ఇక బయటి ప్రపంచం సంగతి. ఒంగోలు, గుంటూరుల నుంచి మనవాళ్ల పిల్లలు ఐఈఎల్‌టీఎస్ రాసి బ్రిటన్‌లో పీజీకి వెళ్తున్నారు. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆరున్నర స్కోరు అడిగి చేర్చుకుంటాయి. అంత ఇంగ్లీషు వచ్చినవారికి కూడా, చదువు సాగుతున్నంత కాలం, విద్యాపరమైన ఇంగ్లీషు కోసం విడిగా తరగతులు నడుపుతాయి. వ్యాసం ఎలా కట్టాలి, ఇతరుల మాటను ఎలా ఉటంకించాలి, ప్రయోగశాల నివేదిక ఎలా రాయాలి అన్నవి నేర్పుతాయి. చాలాచోట్ల దానికి ప్రత్యేకంగా ఫీజు లేదు. కొన్నిచోట్ల న్యాయశాస్త్రం వారికి ఒక తరగతి, ఇంజనీరింగు వారికి మరో తరగతి. వారిని వెనుకబడినవారని ఎవరూ అనరు. విశ్వవిద్యాలయపు భాష ఎవరికీ పుట్టుకతో రాదన్న ఎరుక అక్కడ ఉంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష సాగుతున్న 1980లలోనే కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థుల కోసం తోడ్పాటు కార్యక్రమం మొదలుపెట్టింది. విడిగా కూర్చోబెట్టి చెప్పే అదనపు తరగతులతో సరిపోదనీ, మామూలు పాఠం చెప్పే తీరే మారాలనీ అక్కడివారు క్రమంగా గ్రహించారు. మనం నేర్చుకోవలసింది ఆ అనుభవం నుంచే.

కాబట్టి మేము ఏమి అడుగుతున్నామో చెబుతాం. 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు ఒక లేఖ రాసింది: కోర్సు ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నా, విద్యార్థి కోరితే పరీక్షను స్థానిక భాషలో రాయనివ్వండి అని. ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల్లో మొదటి ఏడాదికైనా దీన్ని అమలు చేయాలి. తెలుగులో రాసే హక్కు ఇస్తే పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోరన్న భయం మాకు లేదు. మొదటి ఏడాది ఫెయిలై చదువు మానేసినవారు అసలే నేర్చుకోరు కదా. ఆ ఏడాదిలో జవాబు తెలుగులో రాసి, దానిలో ఒక భాగాన్ని ఇంగ్లీషులో రాసేలా, రెండో ఏడాదికి ఆ భాగం పెరిగేలా ఏర్పాటు చేయవచ్చు.

యూజీసీ గత ప్రణాళికల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రెమెడియల్ కోచింగ్ పథకం ఉండేది. విద్యార్థుల భాషా సామర్థ్యాన్ని పెంచడం దాని లక్ష్యాల్లో ఒకటి. అంటే ఇది మేము కొత్తగా కోరుతున్న దయ కాదు, రాజ్యం ఒకనాడు తన బాధ్యతగా ఒప్పుకున్నదే. 2022లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేసినప్పుడు మన మేధావులు నిరసన తెలిపారు, తెలపవలసిందే. పీహెచ్‌డీ దాకా వెళ్లేవారే లేకుండా పోయే చోటు మాత్రం డిగ్రీ మొదటి సెమిస్టరు. అలాంటి పథకం మళ్లీ కావాలి. ఈసారి దాన్ని విడి గదిలో, విడి పుస్తకంతో నడపవద్దు. ఇంగ్లీషు అధ్యాపకుడూ, సబ్జెక్టు అధ్యాపకుడూ వారానికి రెండు గంటలు ఒకే గదిలో, ఆ వారం చెప్పిన పాఠం మీదే పని చేయించాలి. ఒక పేజీ చదివించడం, ఒక పేరా రాయించడం, దిద్దడం. దిద్దడమే అసలు పని. అదే ఎక్కడా జరగడం లేదు.

పుస్తకాలకు కొత్తగా ఖర్చు కూడా పెద్దగా అక్కర్లేదు. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షతన మొదలైన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయికి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు తయారు చేసింది. మాధ్యమం మారిందని వాటిని అటక ఎక్కించడం ఎంత తెలివితక్కువ పని! ఎడమ చేతిలో తెలుగు పుస్తకం, కుడి చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంచుకుని చదివే పిల్ల రెండూ నేర్చుకుంటుంది.

ఒక చిన్న విషయం, కాని మేము పట్టుబట్టే విషయం. ఈ తరగతులు సాయంత్రం నాలుగు తరువాత పెట్టవద్దు. పెట్టినవారి ఉద్దేశం ఎంత గొప్పదైనా కొనకనమిట్ల పిల్లకు అది అందదు. సాయంత్రపు బస్సు తప్పితే ఆమె ఇంటికి ఏ వేళకు చేరుతుందో, చేరాక ఏమి వినవలసి వస్తుందో అందరికీ తెలుసు. టైంటేబుల్ మధ్యలో, హాజరు వేసే పీరియడుగా పెట్టాలి. ఈ ఒక్క షరతు పాటించకపోవడం వల్లే మన ప్రాంతంలో ఎన్నో మంచి కార్యక్రమాలు పట్నం పిల్లల పాలయ్యాయి.

ప్రభుత్వం చేసేవరకు మనం కూర్చోనక్కర్లేదు. మస్జిద్ కమిటీలు, అంజుమన్లు ప్రతి ఏడాదీ టాపర్లకు శాలువాలు కప్పుతున్నాయి, జ్ఞాపికలు ఇస్తున్నాయి. వద్దనం. కాని సత్కారం అందుకునే ఒక్కరికి పెట్టే ఖర్చులో, ఫెయిలైన పదిమందికి ఆదివారం పూట రెండు గంటలు ఒక గది, ఒక నల్లబల్ల, రెండు నిఘంటువులు, ఒక రిటైర్డు ఉపాధ్యాయుని ప్రయాణ ఖర్చు సరిపోతాయి. ఆడపిల్లలు వచ్చి కూర్చునే చోటు కావాలి. మస్జిద్ పక్క గది కుదరకపోతే ప్రభుత్వ బడి, అదీ కాకపోతే ఎవరి ఇంటి వరండా అయినా సరే. పొరుగు ఇంటి హిందూ పిల్లలూ రావాలి, వారికీ ఇదే కష్టం గనుక. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో ఉద్యోగాలు చేస్తున్న మన ఊళ్ల యువకులు, యువతులు వారానికి ఒక గంట ఫోనులో ఒక విద్యార్థి రాసిన పేరా చదివి దిద్దగలరు. విరాళం అడిగితే పంపుతారు. ఈ గంట అడిగి చూడండి, డబ్బు కంటే కష్టంగా ఇస్తారు, కాని ఇస్తారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి సెమిస్టరు ఫలితం చూసి చదువు అబ్బలేదని తీర్మానించకండి. ఆ బిడ్డ ఒకేసారి రెండు పరీక్షలు రాసింది, ఒకటి సబ్జెక్టులో, ఒకటి భాషలో. ఒక ఏడాది గడువు ఇవ్వండి. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, 'మా అమ్మాయికి ఇంగ్లీషులో రాయడం ఎవరు నేర్పుతారు, ఏ పీరియడులో నేర్పుతారు' అని అడగండి. ఫీజు గురించి అడగడానికి వెళ్లే తండ్రులు చాలామంది ఉన్నారు, ఈ ప్రశ్న అడిగినవారు తక్కువ. నలుగురు కలిసి వెళితే జవాబు కొంచెం త్వరగా వస్తుంది.

మా వంతుగా ఒక పని మొదలుపెడుతున్నాం. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఒక పేజీని డిగ్రీ విద్యార్థులకు కేటాయిస్తాం. రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, కామర్సు, విజ్ఞాన శాస్త్రాల్లో మొదటి సెమిస్టరు పుస్తకాల్లో పిల్లలను తడబెట్టే మాటలకు తెలుగులో, ఉర్దూలో అర్థాలు ఇస్తాం. ప్రశ్నపత్రంలో వాడే క్రియలు ఏమి అడుగుతున్నాయో చెబుతాం. మీ ఇంట్లో డిగ్రీ చదివే బిడ్డ ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో, ఏ ప్రశ్న అర్థం కాక వదిలేసిందో ఆ పేజీని, ఆ ప్రశ్నపత్రాన్ని ఫొటో తీసి మాకు పంపండి. పేరు రాయనక్కర్లేదు, మార్కులు చెప్పనక్కర్లేదు. మొదటి నెల 'స్టేట్' అనే మాటతో మొదలుపెడతాం.